కింద ఎవరన్న ఉన్నరా?

మా ఫిజిక్స్ సారు పోయారన్న సంగతి నాకు చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో తెలిసింది. ట్యూషన్లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఎదురై, "సారు పోయిన్రే, నీకు తెల్వదా? కర్మలు గూడ అయిపోయినై" అంది. ఏరిన వంకాయలు అక్కడే వదిలేసి అశోక్‌నగర్ వైపు నడిచాను.

సారు నారాయణగూడలో కాలేజీ లెక్చరరు. ఆదివారాలు అశోక్‌నగర్‌లో తన ఇంటి డాబా మీద మాకు ట్యూషన్ చెప్పేవారు. ఆయనకో చాదస్తం ఉండేది. పైనుంచి ఏది వెయ్యాలన్నా, ఆఖరికి గేటు తాళంచెవి అయినా సరే, పిట్టగోడ మీదికి వంగి "కింద ఎవరన్న ఉన్నరా?" అని అరిచేవారు. జవాబు వస్తేగానీ వదిలేవారు కాదు. గల్లీలో పిల్లలు ఆయన్ను వెక్కిరిస్తూ అదే కేక వేసేవాళ్లు. ఆయనకేం పట్టేది కాదు.

గల్ఫ్ యుద్ధాన్ని క్రికెట్ మ్యాచిలా టీవీలో చూసిన రోజులవి. మాలో ఒకడు ఓ ఇంగ్లీషు పత్రిక పట్టుకొచ్చాడు. అంతరిక్షంలో తిరిగే ఉపగ్రహం నుంచి కరెంటు స్తంభమంత లోహపు కడ్డీని భూమ్మీదికి వదిలే ఆయుధం గురించి అందులో రాశారు. ఇంకా ఎవరూ చెయ్యలేదు, ఊహే. మందుగుండు అక్కర్లేదట, వేగమే చాలట. "జబర్దస్త్ ఉంది సార్!" అన్నాడు వాడు.

"వదిలేస్తే పడతదా?" అన్నారు సారు.

పడుతుందని అందరం అరిచాం.

"పడదు. ఉపగ్రహంతోని అది గూడ తిరుగుతనే ఉంటది. వేగం తగ్గిస్తెనే కిందికొస్తది. అంటే ఎవడో ఒకడు కావాలని దించాలె. చెయ్యి జారిందంటే నడవది."

వేగం సంగతి చూపిస్తానని ఆయనే గడ్డపార తెచ్చారు. పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు. పిట్టగోడకు సరిగ్గా కింద ఇసుక కుప్ప, దానికి ఆనించి ఎండకు కట్టిన గోనెపట్టా. గడ్డపార ఎంత లోతు దిగుతుందోనని మాలో మాకు పందేలు. సారు వంగి కేక వేశారు. జవాబు లేదు. మళ్లీ వేశారు. లేదు.

"ఎవ్వరు లేరు సార్, వెయ్యండి!" అని మేమే అరిచాం.

ఆయన గడ్డపారను పక్కన పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగారు. "ఈయనొకరు!" అని మావాళ్లు విసుక్కున్నారు. కిందికెళ్లి సారు గోనెపట్టా ఎత్తారు. చల్లటి ఇసుకలో ఓ పసిపాప నిద్రపోతోంది.

అవతల ఇటుకలు మోస్తున్న తల్లి, పాలమూరు నుంచి కూలికి వచ్చినామె, పరుగెత్తుకొచ్చింది. "ఇప్పుడే పండుకున్నది సారూ, లేపకుండ్రి" అంది. ఆమెకేం తెలుసు పాపం!

పైకొచ్చాక సారు గడ్డపారను తీసి ఓ మూలకు పెట్టేశారు. మా వైపు తిరిగి, "జవాబు రాలేదంటే ఎవరు లేరని కాదురా. పండుకున్నోళ్లు జవాబెట్ల ఇస్తరు?" అన్నారు. తర్వాత ఆ పత్రిక వైపు చూసి, "అంత పైనించి దించేటోడు ఎవర్ని అడుగుతడు? అడిగినా ఎవరికి ఇనబడతది?" అన్నారు.

ఇప్పుడు నేను రాంనగర్‌లో ఫిజిక్స్ చెబుతున్నాను. పడే వస్తువు లెక్క వచ్చినప్పుడల్లా, వేగం ఎంతని అడిగే ముందు, కింద ఎవరున్నారని అడుగుతాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ ప్రశ్న నాకు ఇచ్చి పోయినందుకు సారుకు ఎంత రుణపడ్డానో వాళ్లకెలా చెప్పను?

సారు పోయిన సంగతి తెలిసిన ఆ రోజు నేను వెళ్లేసరికి గేటుకు తాళం వేసి ఉంది. పిలిస్తే సారు భార్య డాబా మీదికి వచ్చారు. తాళంచెవి ముడేసిన రుమాలు ఆమె చేతిలో ఉంది. గేటు దగ్గర నేను ఒక్కదాన్నే. అయినా పిట్టగోడ మీదికి వంగి, "కింద ఎవరన్న ఉన్నరా?" అన్నారు.

నా జవాబు కోసం చూస్తూ ఆమె రుమాలు వదలకుండా అలాగే నిలబడ్డారు.