ఆన్ చెయ్యని లింకు

మేడమ్ పోయారని వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఆఫీసులో ఒక కొత్త లింకుకి దారి చూస్తున్నాను. "అక్క పొద్దున పూజ చేసుకుని వచ్చి కుర్చీలో కూర్చుందమ్మా. కాఫీ తెచ్చేసరికి అలాగే వాలిపోయి ఉంది. ముందు మీకు చెప్పాలనిపించింది" అన్నారాయన. వస్తున్నానండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా కంప్యూటర్‌లో రెండు టవర్ల మధ్య నేను గీసిన గీతను చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ గీత గీయడం నాకు నేర్పింది ఆవిడే.

మా పని గురించి బయట చాలామందికి తెలియదు. మీ ఊరి టవర్ మీద డప్పులాంటి తెల్లటి గుండ్రటి డిష్ ఒకటి ఉంటుంది. అది ఎక్కడో మైళ్ళ అవతల ఇంకో టవర్ మీదున్న డిష్‌నే చూస్తూ ఉంటుంది. మీ ఫోన్లో మాట ఆ రెంటి మధ్య గాలిలోంచే పోతుంది. మధ్యలో చెట్టు గానీ గోడ గానీ అడ్డం రాకూడదు. ఏ ఫ్రీక్వెన్సీ మీద పంపాలో ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. రాకుండా పంపితే మన మాట పోయి ఇంకొకరి డిష్‌లో పడి, వాళ్ళ మాటను చెడగొట్టవచ్చు. ఆ దారులు వెతకడం, ఆ లైసెన్సులు తెప్పించడం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మేడమ్ ఉద్యోగమంతా ఈ రెండు పనులతోనే గడిచింది.

నేను చేరిన కొత్తలో ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక గుండ్రటి అద్దం ఉండేది. మేడమ్‌కి సోకు ఎక్కువని ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు. మొదటిసారి సర్వేకి తీసుకెళ్ళిన రోజు దాని సంగతి తెలిసింది. చిలకలూరిపేట అవతల ఒక ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఎక్కి, నెత్తిన తుండుగుడ్డ కప్పుకుని, ఎండను ఆ అద్దంలో పట్టి దూరంగా ఉన్న టవర్ వైపు తిప్పారు. అక్కడ ఎక్కి కూర్చున్న మావాళ్ళు కూడా అద్దం తిప్పాలి. ఎంతకీ ఏమీ కనిపించలేదు. కింద పత్తి చేలు, వాటి అవతల జామాయిల్ తోటలు, వాటి మీద వేడికి అలల్లా కదులుతున్న గాలి. ఉన్నట్టుండి ఆ అలల్లో చుక్కంత వెలుగు మెరిసింది.

"అదిగో అమ్మాయ్, కన్ను కొట్టింది!" అని చిన్నపిల్లలా గంతేసినంత పని చేశారు.

"అయితే దారి ఉన్నట్టేనా మేడమ్?"

"ఇవాళ్టికి ఉంది. ఆ జామాయిల్ మూడేళ్ళకి ఎంత ఎదుగుద్దో లెక్కెయ్యి. ఇవాళ కనపడేదాన్ని నమ్ముకుని గీత గియ్యకూడదు."

జామాయిల్ మొక్కలు కనిపిస్తే రైతుని పిలిచి ఎప్పుడు కొట్టిస్తారని అడిగేవారు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి పునాది కనిపిస్తే జీపు ఆపించి, "ఎత్తు ఎంత లేపుతారండీ?" అని మేస్త్రీని అడిగేవారు. కొందరు ఆవిడని పన్నుల ఆఫీసు మనిషి అనుకుని తడబడేవాళ్ళు. ఆ సంగతి చెప్పుకుని జీపులో నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేవారు. అప్పటి మేడమ్ అలా ఉండేవారు. తర్వాత ఆ నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేది.

పర్చూరు దాటాక నల్లరేగడి చేల మధ్య ఒక ఊరు. ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడ సిగ్నల్ ఉండేది కాదు. ఫోన్ చేయాలంటే చేలగట్ల మీదుగా తారురోడ్డు దాకా నడవాలి. మేం టవర్ కట్టాం. రెండు వైపులా డిష్‌లు బిగించాం. వాటిని ఎదురెదురుగా సరిచూసి పెట్టాం. ఇక మిగిలింది లైసెన్సు రావడం, స్విచ్ వేయడం.

పైనుంచి ఒత్తిడి మొదలైంది. మా పై ఆఫీసరు ఫోన్ చేసినప్పుడు నేను మేడమ్ ఎదురుగానే ఉన్నాను. స్పీకర్‌లో మాట్లాడుతున్నారు.

"అంతా రెడీయే కదా మేడమ్, ఆన్ చేసెయ్యండి. లైసెన్సు వెనకాల వస్తుంది. అందరూ చేసేదేగా."

"అందరి సంగతి నాకు తెలీదండీ. ఆ టవర్ మీద మీటరు పెట్టి చూశాం. మన డిష్ చూసే దిక్కు నుంచే సన్నగా ఇంకెవరిదో సిగ్నల్ వస్తోంది. మనం అడిగిన ఫ్రీక్వెన్సీకి బాగా దగ్గర. మనది వెళ్ళి వాళ్ళ డిష్‌లో పడితే?"

"ఎవరిదది?"

"ఎవరిదో తెలిస్తే నేనే వాళ్ళతో మాట్లాడేదాన్ని. అది ఆసుపత్రికి పోయే లైనే అయితే? తుఫాను కబురు చెప్పేవాళ్ళదే అయితే? అవన్నీ చూసి ఇవ్వడానికేగా లైసెన్సు. వచ్చేదాకా ఆగుతాను."

ఆయన విసుక్కున్నారు. మేడమ్ తొణకలేదు. "ఆన్ చెయ్యమని మెయిల్ ఇవ్వండి, ఇంకెవరిచేతైనా చేయించండి. నేను మాత్రం చెయ్యను" అన్నారు. మెయిల్ రాలేదు. లింకు ఆగింది. నాకు ఆ రోజు ఆవిడని చూస్తే గర్వంగా అనిపించింది. ఇప్పటికీ ఆ నిర్ణయంలో నాకు తప్పు కనిపించదు.

పత్తికి మందు కొట్టే రోజులు వచ్చాయి. టవర్ దగ్గర బ్యాటరీలు చూడటానికి ఆ ఊరు వెళ్ళాం. రామాలయం మలుపులో జనం జీపుకి అడ్డం నిలబడ్డారు.

"ఏమ్మా, ఈ టవర్‌ని దిష్టిబొమ్మలాగా నిలబెట్టారా? మనిషి పోయాడు తెలుసా?" అని ఒకాయన అరిచాడు.

చేలో మందు కొడుతూ ఒక రైతు పడిపోయాడు. భార్య కోటమ్మ ఫోన్ పట్టుకుని, సిగ్నల్ కోసం తారురోడ్డు దాకా పరిగెత్తింది. అంబులెన్సు వచ్చింది. మనిషి ఆసుపత్రి చేరాడు గానీ దక్కలేదు. ముందే తెస్తే బతికేవాడా అంటే డాక్టరు చెప్పలేమన్నాడట.

మేడమ్ జీపు దిగారు. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఆవిడ ఒక్క మాటే అడిగారు. "వాళ్ళిల్లు ఎక్కడ?"

నేను వెంట వెళ్ళాను. కోటమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మందు కొట్టే ట్యాంకు ఇంకా వాకిట్లోనే ఉంది, దాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేనట్టు. మేడమ్ ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. "టవర్ పని చూసేది నేనేనమ్మా. అది నడిపించకుండా ఆపింది నేనే" అన్నారు. కోటమ్మ తలెత్తి చూసింది, మళ్ళీ దించుకుంది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేదని మేడమ్ తర్వాత ఎన్నోసార్లు నాతో అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి లైసెన్సు వచ్చింది. మేం అడిగిన ఫ్రీక్వెన్సీ ఇవ్వలేదు, వేరేది ఇచ్చారు. అంటే ఆ దిక్కున నిజంగానే ఎవరిదో లింకు ఉంది. మేం ముందే ఆన్ చేసి ఉంటే దాన్ని చెడగొట్టేవాళ్ళమే. పై ఆఫీసరు స్వయంగా ఫోన్ చేసి, "మీరు చెప్పిందే కరెక్ట్ మేడమ్" అన్నారు.

ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "కరెక్టేనట. మరి కరెక్ట్ అయితే నిద్ర పట్టాలిగా అమ్మాయ్?"

లింకు ఆన్ చేసిన రోజు ఊళ్ళో పిల్లలు కేకలు పెట్టారు. సర్పంచి స్వీట్లు తెప్పించాడు. మొదటి ఫోన్ ఆయనచేత చేయిద్దామని మావాళ్ళు అనుకున్నారు. మేడమ్ మాత్రం నేరుగా కోటమ్మ ఇంటికి నడిచారు. "ఇవాళ్టి నుంచి ఇక్కడ్నుంచే మాట్లాడొచ్చమ్మా. నువ్వు చెయ్యి ముందు" అన్నారు.

కోటమ్మ చేతిలో ఫోన్ అటూ ఇటూ తిప్పింది. "ఎవరికి చెయ్యమంటారమ్మా?" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. ఆమె ఫోన్ చేసి మాట్లాడే మనిషి ఒక్కడే, అతను లేడు. మేడమ్ బ్యాగులోంచి తన ఫోన్ తీశారు. "నాకు చెయ్యి" అని తన నంబరు చెప్పారు.

మేడమ్ చేతిలో ఫోన్ మోగింది. ఒకరికొకరు చెయ్యి చాచితే అందేంత దూరంలో నిలబడి, ఇద్దరూ ఫోన్లు చెవులకి పెట్టుకున్నారు.

"వినపడతందా అమ్మా?" అంది కోటమ్మ.

"వినపడుతోందమ్మా. చెప్పు."

"ఏం చెప్పను?"

ఇద్దరూ ఫోన్లు దించలేదు. మైళ్ళ అవతలి టవర్ దాకా వెళ్ళి తిరిగి వస్తున్నది ఇద్దరి ఊపిరి చప్పుడే. నేను బయటికి వచ్చేశాను.

అప్పట్నుంచి కోటమ్మ ఫోన్ చేస్తూనే ఉండేది. మీటింగులో ఉన్నా మేడమ్ లేచి వరండాలోకి వెళ్ళేవారు. ఏం మాట్లాడుకునేవాళ్ళో నేను అడగలేదు. తిరిగొచ్చాక మాత్రం ఆ పూట ఆవిడ పని ముందుకి సాగేది కాదు. అద్దం బ్యాగులోనే ఉండేది గానీ ట్యాంకులు ఎక్కడం మానేశారు. మ్యాపులో ఆ ఊరి గీత దగ్గరికి వచ్చినప్పుడల్లా వేలు ఆగిపోయేది.

రిటైరై తాడేపల్లి వెళ్ళాక కూడా అది ఆవిడని వదల్లేదు. గాలివాన వచ్చినప్పుడల్లా మా కంట్రోల్ రూమ్‌కి ఫోన్ వచ్చేది. "ఆ ఊరి లింకు ఉందా బాబూ?" షిఫ్టులో కొత్తవాళ్ళు ఎవరైనా ఉంటే పాతవాళ్ళు ముందే చెప్పి పెట్టేవాళ్ళు, మేడమ్ అడుగుతారు, చూసి చెప్పండి అని. "ఉందండీ మేడమ్" అనిపించుకుని పెట్టేసేవారు. ఆ ఊరికి భూమిలోంచి ఫైబరు కేబులు వచ్చింది, డిష్‌లు దించేస్తున్నాం అని చెప్పినప్పుడు, "రోడ్డు పనికి జేసీబీ వచ్చి ఫైబరు తెంపితే?" అని అడిగారు. ఆ మాటలో నిజం ఉంది. అందుకే దాన్ని తీయలేదు. లైసెన్సు పొడిగిస్తూ ఉంచాం.

చివరిసారి వెళ్ళినప్పుడు చిక్కిపోయి ఉన్నారు. ఉద్యోగం సంగతులు అడిగారు, మా అమ్మాయి చదువు అడిగారు. నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అప్పుడు మీటరులో కనపడ్డ ఆ రెండో లింకు ఎవరిదో ఎప్పుడైనా తెలిసిందా?"

"లేదండీ. మనకి చెప్పరుగా."

"ఎవరో ఒకరు మాట్లాడుకునే ఉంటారు కదా దాంట్లో. మనం ఆన్ చెయ్యకపోబట్టి. ఎవరో తెలిస్తే బాగుండేది." నా చెయ్యి వదలకుండానే అన్నారు, "బతికినవాళ్ళు ఎవరో నాకు కనపడరు అమ్మాయ్. పోయినాయన కనపడతాడు. మందు ట్యాంకు భుజాన వేసుకుని, అలా పక్కనుంచి వెళ్తాడు."

ఆవిడ చూపు వరండా చివరికి పోయింది. నేనూ అటు తిరిగి చూశాను. తీగ మీద ఆరేసిన చీర తప్ప ఏమీ లేదు.

పెద్దకర్మ అయ్యాక నేను ఆ ఊరు వెళ్ళాను. ఫోన్లో చెప్పాల్సిన మాటలా అనిపించలేదు. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజులు. కోటమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. చెప్పాను. ఆమె గుడ్డ కిందికి లాగి, చేతిలో కాయలు అలాగే పట్టుకుని నిలబడింది.

"నాలుగైదుసార్లు చేశాను తల్లీ. ఎత్తలేదు. ఊరెళ్ళారేమో అనుకున్నా."

చేతిలో కాయలు పక్కన పడేసి అంది. "ఆయమ్మ మీద నాకు కోపం ఉండేది. చాన్నాళ్ళు ఉంది. ఆమెకీ తెలుసు."

"మరి ఫోన్ ఎందుకు చేసేవారండీ?"

"ఆయన మాట ఎత్తితే ఇంట్లోవాళ్ళు కూడా ఇంక చాల్లే అంటారు. ఆయన ఇట్టా నడిచేవాడు, ఇది తినేవాడు కాదు, ఇట్టా తిట్టేవాడు అని చెప్తంటే వినేది ఆయమ్మ ఒక్కతే. చెప్పిందే చెప్పినా వినేది." వంగి ఇంకో తాలుకాయ ఏరింది. "కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. పోయిందని చెప్దామనుకుంటానే ఉన్నా."

పడమట మబ్బు పట్టింది. పక్క కల్లాల్లోవాళ్ళు కేకలేసుకుంటూ పరిగెత్తుతున్నారు. కోటమ్మ ముఖం తుడుచుకుని, మడిచి పెట్టిన ప్లాస్టిక్ పట్టా విప్పింది. ఒక కొస తను తీసుకుని, రెండో కొస నాకు అందించింది.

"గట్టిగా పట్టుకో తల్లీ, గాలికి లేచిపోద్ది."

పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య ఆ పట్టా ఒక్కసారి గాలితో నిండి పైకి లేచింది. కాసేపు దాని అవతల ఆమె కనపడలేదు. తర్వాత మెల్లగా, ఆ ఎర్రటి కాయల మీదికి దిగింది.