సారుకు పాడి వినిపించిన అమ్మ పాట

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నేను సంగీతం నేర్చుకోవడానికి చేరాను. గోదావరిఖనిలో మా ఇంటికి రెండు వీధుల అవతల, మేడ మీద గదిలో సారు చెప్పేవారు. రిటైరైన తెలుగు పంతులు. నాతో నేర్చుకునేవాళ్లంతా బడిపిల్లలు. అంగన్‌వాడీలో డ్యూటీ అయిపోగానే, చీరకు అంటిన పప్పు మరకతోనే వెళ్లి వాళ్ల మధ్య కూర్చునేదాన్ని.

ఏడాదిపాటు సారు నా గొంతును సరిచేశారు. "అమ్మా, ఇది పొలం కాదు. ఆ జీర ఎందుకు? ఆ సాగతీత ఎందుకు?" అనేవారు. పిల్లలు నవ్వేవారు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, వంటింట్లో నా సాధన విని, "ఏంది, నీ గొంతు నీ లెక్క లేదు?" అన్నాడు. దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

ఒక సాయంత్రం వాన వల్ల పిల్లలెవరూ రాలేదు. సారు హార్మోనియం మూసి, "చిన్నప్పటి నుంచి విన్నది ఏదైనా పాడమ్మా. తప్పులు పట్టను" అన్నారు.

అమ్మ పాట పాడాను. నేను చంకపిల్లగా ఉన్నప్పుడు బొగ్గుబాయిలో పైకప్పు కూలి నాన్న లోపల చిక్కుకున్నాడు. అమ్మ నన్నెత్తుకుని బాయి దగ్గర పగలంతా నిలబడింది. నాన్న కాలు విరిగి, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ పగలు నా ఏడుపు ఆపడానికి అమ్మ అక్కడికక్కడే అల్లుకున్న పాట అది. అమ్మకు చదువు రాదు. ఆ పాట ఎక్కడా రాసి లేదు. మా ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ వినలేదు.

పాట అయ్యేసరికి సారు కళ్లు తుడుచుకుంటున్నారు. ఫోను నా ముందు పెట్టి, "ఇంకోసారి పాడమ్మా, మళ్లీ వింటాను" అన్నారు. ఏడాదిలో ఆయన మెప్పు పొందింది ఆ ఒక్క రోజే. నాలుగు చరణాలూ పాడాను. ఒక మాట సరిగా అర్థం కాలేదంటే, ఆగి విడమరిచి మరీ చెప్పాను.

మూడు నెలల తర్వాత షేర్ ఆటోలో వెళ్తుంటే ఆ పాట వినపడింది. వెనక డప్పులు, మధ్యలో ఈలలు. "యూట్యూబ్‌ల మస్తు నడుస్తుందక్కా" అన్నాడు డ్రైవరు. దిగి, రోడ్డు పక్కనే నిలబడి వెతికాను. పాడింది మా క్లాసులో పదో తరగతి పిల్ల. నా గొంతులోంచి సారు తీసేయించిన జీర, సాగతీత రెండూ ఆ పిల్ల గొంతులో అచ్చంగా ఉన్నాయి. రచన, బాణీ అన్నచోట సారు పేరుంది.

మర్నాడు వెళ్లాను. "సార్, అది మా అమ్మ పాట."

ఆయన కంగారుపడలేదు. "జానపదానికి సొంతదారులెవరమ్మా? జనం పాట అది."

"జనం కాదు సార్, మా అమ్మ. ఎయిటింక్లైన్ కాలనీల ఉంటది. మీరు వస్తనంటె ఇప్పుడే తీస్కపోత."

"ఎక్కడైనా రాసి ఉందా?"

పాడిన పిల్ల అక్కడే కూర్చుని ఉంది, తల ఎత్తలేదు. ఆ పిల్లను చూస్తూనే, "గట్ల పాడొద్దని నాకు ఏడాది చెప్పిండ్రు గద సార్" అన్నాను. "అది వేరమ్మా" అంటూ ఆయన హార్మోనియం తెరిచారు.

వారం తర్వాత చూస్తే "రచన" తీసేసి "సేకరణ" అని పెట్టారు. పేరు మాత్రం ఆయనదే.

ఇంకెవరో వినిపించేలోగా నేనే చెప్పాలని ఆ ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లాను. ఫోను చెవికి ఆనించుకుని మొత్తం వింది.

"గీడ డప్పులెందుకు కొడ్తున్నరు బిడ్డా? అప్పటికి మీ నాయిన ఇంకా బయటికే రాలేదు గద."

ఫోను చెవి నుంచి దించింది.

"ఆళ్లకెట్ల తెల్సింది ఇది?"

"నేనే పాడిన అమ్మా. సారు మంచిగున్నదన్నడు."

"మంచిగున్నదన్నడా" అంది. ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

క్లాసు మానేశాను. సారు నాకు చేసిన మోసం గురించి అడిగినవాళ్లకల్లా చెప్పాను. అమ్మకు నేను చేసింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొన్న ధైర్యం చేసి, "ఒక్కసారి పాడవా అమ్మా" అని అడిగాను.

"యాది లేదు బిడ్డా" అంది, నా వైపు చూడకుండా.

మర్చిపోలేదని నాకు తెలుసు. మళ్లీ అడగలేదు.