కొల్లేటి గట్టు మీద బూట్లు కడిగిన సంగతి

బ్రిటన్‌లో చదువుకుంటూ, ఇంటర్న్‌షిప్ పని మీద మళ్ళీ మన ఊళ్ళకే రావాల్సి వచ్చే పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ముఖ్యంగా బూట్ల సంగతి.

నేను చదివేది స్కాట్లాండ్‌లో, చేపల జబ్బుల గురించి. ఇంటర్న్‌షిప్ ఒక చిన్న లాబ్‌లో. వారంలో సగం రోజులు సముద్రంలో కట్టిన సాల్మన్ చేపలు పెంచే పంజరాల దగ్గరికి పడవ మీద వెళ్ళాలి. చేప మొప్ప అంచు గోరంత కత్తిరించి సీసాలో వేసుకుని, చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. మిగతా సగం ఆ ముక్కల్ని మైక్రోస్కోపులో చూడాలి. సాయంత్రం గదికొస్తే వంటగదిలో నా వంతు కోసం ఆకలితో కూర్చోవాలి. పోపు వేస్తే ఎక్కడ ఫైర్ అలారం మోగుతుందోనని మొదటి నెలంతా పచ్చి పులుసే చేసుకున్నాను.

ఒకరోజు టీ తాగుతూ మా సూపర్‌వైజర్‌తో, "మా ఊరికి దగ్గర్లోనే కొల్లేరు ఉంది, అక్కడి చేపల శాంపిళ్ళు కావాలంటే తెస్తాను" అని గొప్పలకు పోయాను. ఆవిడ వెంటనే సరేనన్నారు. అనుమతులన్నీ తెప్పించారు, నా ప్రాజెక్టు మొత్తం ఆ శాంపిళ్ళ మీదకి మార్చేశారు. ఇక అవి దొరక్కపోతే రిపోర్టు లేదు, రిపోర్టు లేకపోతే డిగ్రీ లేదు. ఊరుకోలేక తెచ్చుకున్న తంటా ఇది.

ఆగస్టులో ఇంటికొచ్చాను. మా ఇల్లు పెంటపాడులో. ఒక మబ్బు రోజు పొద్దున్నే అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి ఆటో ఎక్కించింది. తాడేపల్లిగూడెం స్టేషన్‌లో ఏడున్నరకి రావాల్సిన పాసింజరు ఎనిమిదింటికి వచ్చింది. ఒళ్ళో ఐసు పెట్టె, భుజాన సంచిలో సీసాలు, పైన వేలాడుతూ నా రబ్బరు బూట్లు. ఎదురుగా ఉల్లిపాయల వ్యాపారం చేసే పెద్దాయన కూర్చున్నారు.

"పెట్టెలో ఏంటమ్మా?"

"ఐసండీ. స్కాట్లాండ్‌లో చదువుతున్నాను, కొల్లేట్లో చేపల పని మీద వెళ్తున్నాను."

"అంత దూరం చదివొచ్చి కొల్లేటికి ఐసు మోసుకెళ్తున్నావా తల్లీ! లారీల కొద్దీ ఉంటుంది కదమ్మా అక్కడ," అని ఏలూరు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఏలూరు బస్టాండు దగ్గర పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి ఇంకాస్త వేయించుకుని మరీ తిన్నాను. మీరూ అక్కడే తినండి, తర్వాత దారిలో పెద్దగా ఏమీ దొరకదు. తొమ్మిదిన్నరకి కైకలూరు బస్సు. కిటికీ పక్కన సీటు దొరికితే అదృష్టం. ఊరు దాటిన కాసేపటికే రెండు వైపులా చెరువులు, చేపల మేత కోసం కర్రలకి వేలాడే తవుడు సంచులు, గట్ల మీద తీరిగ్గా రెక్కలారబెట్టుకుంటున్న గూడబాతులు.

లంక ఊరి మలుపులో దిగేసరికి రాంబాబు గారు బండి మీద వచ్చి ఉన్నారు. అమ్మ పనిచేసే బళ్ళో ఒక టీచరు గారికి ఆయన అన్నగారు. రెండు చేపల చెరువుల రైతు. దారిలోనే శాంపిళ్ళ మాట ఎత్తబోతే, "ముందు భోజనం చెయ్యమ్మా. చేపలెక్కడికీ పోవు," అన్నారు. వాళ్ళావిడ వరలక్ష్మి గారు బొచ్చె చేపల పులుసు వడ్డించి, వద్దన్నకొద్దీ వేశారు. స్కాట్లాండ్‌లో వద్దంటే నిజంగానే ఆపేస్తారు. ఏడాదిగా నేను సగం కడుపుతో బతికింది అందుకే.

నాలుగింటికి చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. వల మనుషులు రావడానికి ఇంకా టైముందని, రాంబాబు గారు నీళ్ళు తోడే ఇంజను చూడ్డానికి పాకలోకి వెళ్ళారు. బూట్లు తొడుక్కుని ఒక్కదాన్నే గట్టు మీద నిలబడ్డాను. చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. స్కాట్లాండ్‌లో ఏ పంజరం దగ్గరికి వెళ్ళినా ముందు బూట్ల మీద క్రిమిసంహారక మందు కొట్టుకోవాలి. చెప్పకుండానే చేస్తానని నాకు అక్కడ మంచి పేరు. మందు సీసా తీసి, నీటి అంచున నిలబడి, బూట్ల మీద బుసబుసా కొట్టాను.

"అయ్యగారూ! చెరువులో మందు కొడుతున్నారండీ!" అని కాపలా వెంకన్న అరుపు. రాంబాబు గారు పరుగున వచ్చారు, ఆయన వెనకే గట్ల మీదున్న మనుషులందరూ వచ్చారు.

"బూట్లు శుభ్రం చేసే మందండీ. ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకి అంటకూడదని," అన్నాను.

ఆయన సీసా చేతిలోకి తీసుకుని వాసన చూశారు. "మూడేళ్ళ కిందట పక్క ఊళ్ళో ఎవరో రాత్రికి రాత్రి చెరువులో విషం కలిపేశారండీ. పొద్దునకి చేపలన్నీ తెల్లగా తేలాయి. రాత్రిళ్ళు మేం కాపలా కాసేది అందుకేనండీ," అన్నారు. మా గోదావరి వాళ్ళకి కోపం ఎక్కువైతే మర్యాద ఎక్కువవుతుంది. పొద్దుట్నుంచీ అమ్మా, నువ్వూ అన్న మనిషి 'అండీ' అనేసరికి నేను నీటి అంచు నుంచి నాలుగడుగులు వెనక్కి వేశాను.

"వల మనుషుల్ని రావద్దంటానండీ. రాత్రికి మా ఇంట్లో ఉండండి. తెల్లారి చేపలు బాగుంటే మీక్కావలసింది తీసుకోండి. లేకపోతే అప్పుడు మాట్లాడుకుందామండీ."

ఆ రాత్రి వరలక్ష్మి గారు మంచం వేశారు, దుప్పటిచ్చారు, మాట మాత్రం తక్కువ మాట్లాడారు. నా డిగ్రీ సంగతి అప్పటికే మర్చిపోయాను. కొట్టింది కొంచెమే, అంత చెరువుకి ఏమీ కాదని చదువు చెబుతోంది. మనసు వినడం లేదు. ఆ ఇంటి ఏడాది కష్టం ఆ నీళ్ళలోనే ఉంది.

తెల్లవారకముందే అందరం గట్టు మీదున్నాం. ఆకాశమంతా మబ్బు. నీళ్ళ మీదంతా చిన్న చిన్న నోళ్ళు! శీలావతులు, బొచ్చెలు పైకి తేలి గాలికోసం నోళ్ళు తెరుస్తున్నాయి. వెంకన్న నా వైపు చూశాడు. రాంబాబు గారు మాత్రం చూడలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

"నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిందండీ, మబ్బు పట్టి ఎండ లేక," అన్నాను. నా మాటకి అప్పుడు విలువేముంది? "మీ రెండో చెరువు ఒకసారి చూద్దామండీ. నేను నిన్న అటు వెళ్ళనే లేదు," అని బతిమాలాను.

ఆయన రోడ్డు దాటి అటువైపు నడిచారు. వెనకే నేను. అక్కడా అవే నోళ్ళు, అంతే దట్టంగా. రాంబాబు గారు గట్టు ఆ చివర్దాకా చూసి, వెనక్కి తిరిగి, "వెంకన్నా! రెండు ఇంజన్లూ వెయ్యరా!" అని కేకేశారు.

ఇంజన్లు నీళ్ళని ఎత్తి చెరువుల్లోకే చిమ్మడం మొదలెట్టాయి. ఎనిమిది దాటాక మబ్బు విడింది. నోళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. రెండు గట్లూ చుట్టి వచ్చారు వెంకన్నా, ఆయనా. చచ్చిన చేప ఒక్కటీ లేదు.

"ఏమ్మాయ్, టీ తాగావా?" అన్నారు రాంబాబు గారు. ఆ 'అమ్మాయ్' వినగానే గట్టు మీదే చతికిలబడ్డాను.

తొమ్మిదింటికి వల వేశారు. వేసేముందు, బూట్ల మందు కొట్టుకోవచ్చా అని అడిగాను. "రోడ్డు మీద కొట్టుకో తల్లీ. నాక్కూడా కొట్టు," అని చెప్పులు ముందుకి జాపారు. చేపల్ని ఒక్కొక్కటిగా పట్టి, మొప్ప అంచు కత్తిరించి, సీసాలో వేసి వదిలేశాను. వదిలిన ప్రతి చేపా తోక ఆడించి లోపలికి పోయేదాకా చూశాం. రిపోర్టు వస్తే మా సూపర్‌వైజర్ కంటే ముందు తనకే చెప్పాలని రాంబాబు గారు మాట తీసుకున్నారు.

మధ్యాహ్నం బస్సులో ఏలూరు, అక్కణ్ణుంచి పాసింజరులో గూడెం. వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటే. అక్కడ నేర్చుకున్న పద్ధతి మంచిదే, కానీ ఇక్కడ సీసా మూత తీసేముందు చెరువు మనిషిని అడగండి. అంతకంటే పెద్ద పాఠాలేవీ ఆలోచించే ఓపిక నాకు లేదు. రైలు కదలగానే, రాత్రి నుంచి బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగారు.

"ఎవరన్నా పోయారామ్మా?"

"లేదండీ," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్క చేప కూడా పోలేదండీ."