వెంకట్రామయ్య గారి ఉప్పుడుపిండి పథ్యం

1958లో నేను బందరులో ఒక మిషను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వేలికి సూది గుచ్చి క్షణాల్లో షుగరు చెప్పే మిషన్లు అప్పటికి లేవు. టెస్ట్ ట్యూబులో బెనెడిక్ట్ సొల్యూషన్ అనే నీలం మందు పోసి, రోగి మూత్రం కొన్ని చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద మరిగించేవాళ్ళం. నీలంగానే ఉండిపోతే షుగరు లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగొస్తే రోగి మా మాట వినడం లేదని అర్థం. రోగులు సవాలక్ష కబుర్లు చెబుతారు గాని ట్యూబుకి మొహమాటం ఉండదు. ఉద్యోగమంతా నేను ట్యూబునే నమ్మాను. అయితే రోగీ, ట్యూబూ రెండూ నిజమే చెప్పిన కేసు ఒకటుంది.

వెంకట్రామయ్య గారు చల్లపల్లి పక్క ఊరి రైతు. యాభై దాటిన మనిషి. ఆయన వరండాలో మాట్లాడితే ఆపరేషన్ గదిలోకి వినిపించేది. కోసిన చేలో నడుస్తుంటే వరి మోడు అరికాల్లో గుచ్చుకుంది. షుగరు ముదిరినవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది కాబట్టి ఆయనకి నొప్పి తెలియలేదు. తెలిసేసరికి పుండు బొటనవేలి దాకా పాకింది. వార్డులో చేర్చుకుని, పూటపూటా ఇన్సులిన్ ఇచ్చి, మా వంటశాల నుంచి కొలిచిన భోజనం పెట్టాం. ట్యూబు ఆకుపచ్చకి దిగింది, పుండు మానుముఖం పట్టింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు, "అన్నం బాగా తగ్గించాలండీ" అని చెప్పారు.

"తగ్గించడం దేనికండీ, మానేస్తాను" అన్నారు వెంకట్రామయ్య గారు. "చుట్ట కూడా అలాగే మానేశాను. ఒకసారి అనుకున్నానంటే అంతే."

అన్నట్టే మానేశారు. కానీ మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ట్యూబు ఇటుక రంగే. ఊళ్ళో కాంపౌండరు ఇంజెక్షన్ వేళకి చేస్తూనే ఉన్నాడు. అయినా బొటనవేలు నల్లబడిపోయింది, తీసేయక తప్పలేదు. తీసి ఇంటికి పంపాక ఆ గాయం కూడా మానలేదు. కట్టు మార్పించుకోవడానికి వచ్చిన రోజు ఇక నేను ఊరుకోలేక, వెంట వచ్చిన ఆయన భార్య సీతారావమ్మ గారిని పక్కకి పిలిచి, "ఈయన దొంగచాటుగా ఏమైనా తింటున్నారా?" అని అడిగాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఆయన కంచంలో మెతుకు పడి ఎన్నాళ్ళయిందో నర్సమ్మ గారూ. ఆయన తినకుండా నాకు మాత్రం ముద్ద దిగుతుందా?"

కట్టు మార్చే బల్ల మీద నుంచి ఆయన విన్నారు. "అబద్ధం చెప్పే అలవాటు మా ఇంటా వంటా లేదమ్మా" అన్నారు కటువుగా.

డాక్టరు గారు దాపరికం లేకుండా చెప్పేశారు. సోమవారానికి కూడా గాయం ఇలాగే ఉంటే పాదం తీసేయాలి, ఆలస్యం చేస్తే మోకాలి దాకా పోతుంది. అంత గొంతున్న మనిషీ ఒక్కసారిగా నెమ్మదించిపోయారు. "పాదం లేకపోతే గట్ల మీద ఎట్లా నడుస్తానండీ?" అన్నారు. కొత్త కట్టు కట్టి, సోమవారం రమ్మని ఇంటికి పంపాం.

మా పిన్ని చల్లపల్లిలో టీచరు. ఆ శనివారం నాకు సెలవు దొరికింది. పిన్నిని చూడటానికి వెళ్ళినదాన్ని, సాయంత్రం వెంకట్రామయ్య గారి ఊరికి నడిచాను. సీతారావమ్మ గారు కంగారుపడిపోయారు. నేను ఏ పేట నుంచి వచ్చినదాన్నో ఆవిడకి తెలుసు. వీధి అరుగు మీద చాప వేసి, విస్తరాకు పరిచారు. నాకది కొత్తా కాదు, ఆ రోజు దాని గురించి ఆలోచించే తీరికా లేదు. ఆకులో ఏం వడ్డిస్తారా అని చూస్తున్నాను.

"ఆయన పథ్యమేనండి, మీరూ రుచి చూడండి" అంటూ పెసరపప్పు వేసిన ఉప్పుడుపిండి పెట్టారు. దాని పక్కన అరచేయంత మందాన దిబ్బరొట్టె ముక్క, అల్లం పచ్చడి. రొట్టె అంచు కరకరలాడుతోంది. నిజం చెప్పాలంటే అంత మంచి పథ్యం నేనెక్కడా తినలేదు.

"రోజూ ఇదేనా?" అన్నాను.

"ఒకపూట ఇది, ఒకపూట కుడుములు. అన్నం మాత్రం లేదు."

మా వైపు చాలా ఇళ్ళలో శనివారం రాత్రి అన్నం తినరు. ఒంటిపూట అంటారు. అన్నం బదులు ఫలహారం చేస్తారు. ఎంత ఫలహారం చేసినా ఉపవాసం ఉన్నట్టే లెక్క. మేం క్రైస్తవులం, మా ఇంట్లో ఆ ఆచారం లేదు గాని ఇరుగుపొరుగు వాళ్ళని చూసి తెలుసు. వెంకట్రామయ్య గారు వారమంతా శనివారాలు చేసేశారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో ఆయన ఉపవాసం ఉంటున్నారు.

వంటిల్లు చూడాలన్నాను. సీతారావమ్మ గారు గడప దగ్గర ఆగిపోయారు. లోపల మంచం మీద నుంచి వెంకట్రామయ్య గారే, "రానియ్యవే, నా కాలి కోసం వచ్చిన మనిషి" అన్నారు.

తిరగలి పక్కన చేట నిండా తెల్లటి రవ్వ ఉంది. పిడికెడు తీసి చూపించాను. "ఇది దేని రవ్వండీ?"

"బియ్యపు రవ్వే. మన చేలో పండిన పాత బియ్యం."

"ఈ తిరగల్లో తిప్పితే బియ్యంలో ఉన్న షుగరు రాలిపోతుందంటారా?"

ఆవిడ చేట వంకా నా వంకా చూసి, అక్కడే పీట మీద కూలబడ్డారు. "అయితే ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే పెట్టానా తల్లీ" అంటూ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నాకు చాలా జాలేసింది. మొగుడి మీద అంత భక్తితో రవ్వ విసిరిన మనిషిని ఏమంటాం? "ఏడవడానికి తరవాత తీరిక దొరుకుతుంది, ముందు బియ్యం కొలిచే గిద్ద ఎక్కడుందో చూడండి" అన్నాను.

పూటకి గిద్దెడు బియ్యం వండిన అన్నం, దానికి రెండింతలు కాకరకాయో బీరకాయో ఆకుకూరో, పప్పు, పల్చటి మజ్జిగ, దొరికిన రోజు చేప. రవ్వ తిన్న పూట అన్నం లేదు, ఆ రవ్వ కూడా గిద్దకి మించకూడదు. ఇదంతా ఆయన మంచం దగ్గర నిలబడి చెప్పాను. అన్నం తిరిగి ఇస్తున్నానంటే సంతోషిస్తారనుకుంటే, ఆయన మొహం మాడ్చుకున్నారు.

"మానెయ్యమంటే మానేస్తాను గానీ కొలిపించుకుని తినమంటే నా వల్ల కాదమ్మా. ఈ ఇంట్లో పాలేళ్ళకి కూడా కొలిచి పెట్టలేదు."

"ఇన్సులిన్ కొలిచే ఎక్కిస్తున్నాం కదండీ. దాని మీద లేని రోషం అన్నం మీద ఎందుకు? అదీ మందే అనుకోండి. లేదూ, పరువే ముఖ్యమంటే సోమవారం పాదం ఇచ్చేయండి, బల్ల సిద్ధంగా ఉంటుంది."

నర్సు నోట అలాంటి మాట విని ఆయన ఎరగరు. తన కాలి కట్టు వంక చూసుకున్నారు. చివరికి భార్యతో, "కొలువు. నేను గోడ వైపు తిరుగుతాను" అన్నారు. నిజంగానే తిరిగారు.

సోమవారం ట్యూబు పసుపుకి దిగింది. డాక్టరు గారు అదేం మాయ అని అడిగితే చెప్పాను. ఆయన కడుపుబ్బ నవ్వి, ఆపరేషన్ వాయిదా వేశారు. తరవాత ఆకుపచ్చ వచ్చింది, నీలం కూడా వచ్చింది. గాయం అంచుల నుంచి కొత్త చర్మం పుట్టింది. పాదం దక్కింది.

ఆ తరవాత నేను ఏ షుగరు రోగినీ అన్నం మానేశారా అని అడగలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం పడ్డాయో వరసగా చెప్పమనేదాన్ని. ఫలహారం, ప్రసాదం, పక్కింటి వాళ్ళు పెట్టింది అన్నీ అందులోకే వస్తాయి. ఎవరికి వాళ్ళు తిండి కాదనుకునేది ఏదో ఒకటి ఉంటుంది, షుగరు అక్కడే దాక్కుంటుంది.

మరుసటి ఏడు నాట్ల రోజుల్లో వెంకట్రామయ్య గారు పొలం నుంచి తిన్నగా బస్సెక్కి వచ్చేశారు. బురద కాళ్ళు, చంకలో చెప్పులు. కొత్త చెప్పులు పాడవుతాయని తీసేశారట. చెప్పులు కాళ్ళ కోసమా చంక కోసమా అని వార్డంతా వినేలా చీవాట్లు పెట్టాను. తలవంచుకుని తొడుక్కుని వెళ్ళారు. అప్పుడే కడిగిన వరండా పాడుచేశారని ఆయా సణుక్కుంటూ తడిగుడ్డ తెచ్చింది. నేల మీద రెండు పాదాల గుర్తులున్నాయి, ఒకదానికి ఐదు వేళ్ళు, ఒకదానికి నాలుగు. కాసేపు ఉండనియ్యి, తరవాత తుడుద్దువుగాని అన్నాను.