మక్కా మసీదు గుమ్మం దగ్గర నా చెప్పులు

ఎనభయ్యో దశకం మొదట్లో నరసరావుపేట నుంచి టూరిస్టు బస్సులో హైదరాబాదు చూడటానికి వెళ్లాను. మా పొలాలూ మేడా అప్పటికే చేజారాయి. కోటప్పకొండ వెళితే మెట్ల దగ్గర మా చెప్పులకు ఒక మనిషిని కాపలా ఉంచే అలవాటు మాత్రం నన్ను వదల్లేదు.

చార్మినార్ చూసి మక్కా మసీదుకు వెళ్లాం. గుమ్మం దగ్గర చెప్పుల వరస పక్కన టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకరు వంగి తన చెప్పులు విప్పుతున్నారు. కాపలాదారు అనుకున్నాను. నా చెప్పులు ఆయన ముందు విడిచి, “చూస్తుండు” అని లోపలికి నడిచాను. ఆ రాతి కమానుల కింద తలెత్తి చూస్తూ గంటసేపు తిరిగాను.

బయటికొచ్చేసరికి ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు. పావలా ఇవ్వబోతే తీసుకోలేదు.

“నేనూ మీ బస్సులోనే వచ్చా బాబుగారూ. మీ వెనక సీటే. పేటలో దర్జీని. మీ తాతగారి కోట్లు మా నాయనే కుట్టేవాడు.”

“మరి లోపలికి పోలేదేంది?”

“మీరు చూస్తుండమంటిరి గదా! ఇక్కడ నమాజు చేసుకోవాలని చానా ఏళ్ల కోరిక. ఇంకేడ, బస్సు కదులుద్ది.”

హారన్ మోగింది. పది నిమిషాలు ఆగమని నేను డ్రైవరుతో అంటే చాలు. కానీ ఎందుకు ఆగాలో అందరి ముందూ చెప్పాలి. చెప్పులేసుకుని బస్సెక్కాను.

పేట చేరేదాకా వెనక సీటు వైపు తిరగలేదు. ఆయన్ని కాపలాదారు అనుకోవడం పొరపాటు. నోరు మూసుకుని బస్సెక్కడం పొరపాటు కాదు, తెలిసి చేసిందే.