ఎనిమిదో రోజున ఆగిన కత్తి

పసివాడి ఒంటిమీద వాణ్ణి అడక్కుండా కత్తి పెట్టే హక్కు ఎవరికీ లేదని నా వాదన. మా అమ్మాయికి చెవులు కుట్టించిన రోజు కూడా ఇంట్లో ఇదే మాట మీద పోట్లాడాను. అందుకే ఆఫీసులో నా పక్క సీటు రూబెన్, ముంబై నుంచి వచ్చిన యూదుడు, కొడుకు సున్తీకి రమ్మని పిలిస్తే తగువు పెట్టుకోడానికే బయల్దేరాను. మా బ్రూక్‌ఫీల్డ్‌లో ఉదయం ఏడింటికి ఆటో ఎక్కితే వాళ్ళుండే బెళ్ళందూరుకు గంట ప్రయాణం, మూడు వందల యాభై రూపాయలు. డ్రైవరు సొంతూరు చింతామణి. సంగతి విని, "మనకి పదకొండో దినం పేరు పెడతారు గదప్పా, వాళ్ళకి ఎనిమిదో దినమే కోతా? బిడ్డ తట్టుకుంటాదా?" అన్నాడు. అదే అడగడానికి పోతున్నానన్నాను.

అడిగితే రూబెన్ ఓపిగ్గానే చెప్పాడు. వాళ్ళ మూలపురుషుడు అబ్రాహాముతో దేవుడు చేసుకున్న ఒడంబడికకు ఇది ఒంటిమీది గుర్తట. పుట్టిన రోజును కూడా కలుపుకుని ఎనిమిదో రోజు, పగటిపూటే చేయాలి; అది సబ్బాతు, అంటే ఏ పనీ చేయకూడని శనివారమైనా ఆగదు. అంతవరకూ పేరు బయటపెట్టరు. సున్తీ వేళ బిడ్డను ఒళ్ళో పట్టుకునే గౌరవం తాతది. ఆ ముసలాయన దానికోసమే ఇజ్రాయెల్ నుంచి వచ్చాడు. అక్కడ భార్యకు డయాలసిస్, ఆ సాయంత్రమే తిరుగు విమానం.

తొమ్మిదింటికి సున్తీ చేసే పెద్దాయన బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చర్మం వేలితో నొక్కాడు, కళ్ళు చూశాడు. పసుపు. తన పెట్టె మూసేసి, కామెర్లు పూర్తిగా తగ్గాకే అన్నాడు. రూబెన్ బతిమాలాడు: డాక్టరు కొంచెమే ఉందన్నాడని, నాన్న మళ్ళీ రాలేడని. ఆయన కదల్లేదు.

"సున్తీ తర్వాతైనా చేయొచ్చు. ప్రాణం పోతే తేగలమా? ఇది నా దయ కాదు నాయనా, మన ధర్మశాస్త్రమే."

అందరూ తాత వైపు చూశారు. ఆయన కుర్చీలో కూర్చుని చేతులు చాచాడు. "వీణ్ణి ఒళ్ళో పెట్టుకోడానికి కత్తెందుకురా? సున్తీ అయ్యాక పేరు ఫోన్లో చెప్పు" అన్నాడు కొడుకుతో, హిందీలో. అప్పటిదాకా తలుపు పట్టుకుని నిలబడ్డ బిడ్డ తల్లి లేయా అక్కడే కూలబడి ఏడ్చింది.

నా వాదన మారలేదు, ఆ అనుమతి ప్రశ్న రూబెన్‌ను మళ్ళీ అడుగుతాను. కానీ మంచి నక్షత్రం కోసం, నెలలు నిండకముందే, అవసరం లేకపోయినా తల్లి కడుపు కోయించే మన ముహూర్తాల రాయుళ్ళు ఆ గదిలో ఉండాల్సింది. విశ్రాంతి దినానికి కూడా తలవంచని నియమం ఒక పసికందు పచ్చటి కళ్ళ ముందు ఆగింది. ఎప్పుడు ఆగాలో కూడా ఆ నియమమే చెబుతుంది. దానికి మాత్రం నా నమస్కారం.

మీకూ ఇలాంటి పిలుపొస్తే బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. వాయిదా పడిందన్నా, రావద్దనకపోతే వెళ్ళండి. ఆ పూట ఆ ఇంటికి మనుషులు కావాలి.