పట్టుకున్న అనుకో

జిరాక్స్ మెషిన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది. నేనిప్పుడు పనిచేసే బడి ఆఫీసులో ప్రశ్నపత్రాల నకళ్లు తీసే పని అడిగి మరీ తీసుకుంటాను. కట్టను రెండు చేతులతో ఎత్తి కాసేపు అలాగే నిలబడితే, కాస్త మాడినట్టుండే ఆ వాసన ముక్కుకు తగులుతుంది. పక్కన ఎవరూ లేకపోతే కళ్లు కూడా మూసుకుంటాను. నారాయణఖేడ్ బస్టాండు ఎదుట, సగం దించిన షట్టరు వెనకాల, ఒక చిన్న బల్ల చుట్టూ నలుగురం కూర్చుని ఉంటాం. షట్టరుకు వీపు పెట్టి కూర్చున్నామె రూతక్క.

ఆ దుకాణం రూతక్కది. హైదరాబాదులో ఏడెనిమిదేళ్లు ఏదో కంపెనీలో పనిచేసి, ఒకరి కింద చేయడం తన వల్ల కాదని తేల్చుకుని వచ్చి, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిన్ పెట్టుకుంది. డిగ్రీ అయిపోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను టైపింగు పనికి తీసుకుంది. ఊరివాళ్లకు ఆమె దరఖాస్తులు నింపే మనిషి, చర్చివాళ్లకు గట్టిగా పాడే మనిషి. ఆదివారం ప్రార్థన అయిపోయి అన్నం తిన్నాక ఆమె ఏం చేస్తుందో మా ముగ్గురికే తెలుసు.

హైదరాబాదులో తనతో ఒకే గదిలో ఉన్న అమ్మాయిల దగ్గర ఆమె ఒక ఆట నేర్చుకుంది. అందులో గళ్లు, పావులు ఉండవు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. దారిలో పులి ఎదురైతే పారిపోతారో తలపడతారో ఎవరికి వారే చెప్పాలి. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, పెద్ద అంకె పడితే జరిగినట్టు. ఆట పుస్తకంలోని ఇంగ్లీషు రాక్షసులను రూతక్క మొదటి వారమే పక్కన పెట్టేసింది. ఆమె చెప్పే మా కథలో కందిచేలలో మనిషంత మిడతలు తిరిగేవి. సరిహద్దు కోట కావలివాడికి కన్నడం తప్ప మరో ముక్క రాదు. వాడితో బేరమాడాలంటే నాగల్‌గిద్దలో అంగన్‌వాడీ టీచరుగా చేసే, కన్నడం వచ్చిన మా బసమ్మే దిక్కు. చెడిపోయిన నకళ్ల వెనక వైపు రూతక్క కొండలు, వాగులు గీసేది. పాచికను స్టీలు టిఫిను మూతలో వేసేవాళ్లం.

మూడో మనిషి మల్లేశమన్న. కల్హేర్ నుంచి ఆటో నడిపేవాడు. భారీ మనిషి, గుబురు మీసం. కథలో మాత్రం తంగేడమ్మ అనే బక్కపలచని ముసలి వైద్యురాలు. ఎందుకలా ఎంచుకున్నాడో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆమె సంచిలో ఏ వేర్లున్నాయో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో ఒక నోట్‌బుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకునేవాడు. మేం తొందరపడితే “ఆమెకు మోకాళ్ల నొప్పులున్నయ్, జర నిమ్మలంగ నడువుండ్రి” అని కోప్పడేవాడు. వారమంతా “ఏయ్ ఆటో” అని పిలిపించుకునే మనిషి ఆదివారం ఆ బల్ల దగ్గర ఎంత మెత్తబడేవాడో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇక నేను కత్తి పట్టిన ఎల్లిని. నిజం చెప్పాలంటే బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే రకాన్ని.

నేను పనిలో చేరిన కొత్తలో సాయిలు అనే పెద్దాయన ఒక దరఖాస్తు పట్టుకొచ్చాడు. “గీన్ల సాయిలు తీసేసి సాయన్న అని పెట్టిన అనుకో బిడ్డా…” అన్నాడు. నేను చకచకా మార్చి పంపేశాను. ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు. అలా పెడితే పాత కాగితాలకు ఏమైనా ఇబ్బందా అని అడగబోయాడట. రెండు కాగితాల్లో రెండు పేర్లయి కూర్చున్నాయి. దాన్ని సరిచేయించడానికి రూతక్క దుకాణం నాకప్పగించి, ఆయన వెంట రెండుసార్లు తహసీలు ఆఫీసుకు తిరిగింది. నన్ను తిడుతుందని బిక్కచచ్చి కూర్చుంటే, వచ్చి చాయ్ తాగుతూ అన్నది:

“తిరకాసు మన మాటల్నే ఉన్నది సరళా. ‘పెట్టిన అనుకో’ అంటే పెట్టు, ఇగ అయిపోయినట్టే అని ఒకటి. పెడితే ఏమైతది అని ఇంకోటి. ఎవలన్న ‘అనుకో’ అంటే చెయ్యి ఆపు. అడుగుతున్నవా, చేస్తున్నవా అని అడుగు.”

ఆదివారాలు ఆ ప్రశ్న ఎక్కువగా నాకే పడేది. “ఎల్లి తలుపు తీసింది అనుకో” అనేదాన్ని. లోపల ఏమీ లేకపోతే తీసినట్టు. ఏ మిడతో ఉంటే, ఉత్తగ అడిగిన అనేదాన్ని. రూతక్క పాచిక మీద చెయ్యి పెట్టి నా మొహంలోకి చూసేది. “అడుగుతున్నవా, చేస్తున్నవా?” నాకు ఒళ్లు మండేది. ఆటలో కూడా ఇంత పట్టుదల ఏమిటని బసమ్మ దగ్గర సణిగేదాన్ని. రూతక్కకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఒకసారి పాచిక పడితే వెనక్కి పోవడం లేదు. పోయిన గుర్రం పోయినట్టే, కూలిన వంతెన కూలినట్టే.

రెండేళ్లు సాగిన కథలో ఒక ఆదివారం మేం పొంగుతున్న వాగు దాటుతున్నాం. అందరి నడుములకు ఒకటే తాడు. తంగేడమ్మ నడుమ ఉంది, ఆమె కాలు జారింది. “తాడు జారుతున్నది. ఎల్లీ, నువ్వు ఏం జేస్తవ్?” అన్నది రూతక్క. పట్టుకున్నవాళ్లు కూడా కొట్టుకుపోవచ్చని ముందే చెప్పి ఉంది.

“పట్టుకున్న అనుకో…” అన్నాను.

అదే క్షణంలో ఎవరో షట్టరు బాదారు. మర్నాటి పరీక్షకు హాల్ టికెట్ కావాలట. రూతక్క లేచి వెళ్లి, సాయంత్రం రమ్మని చెప్పి వచ్చి కూర్చుంది. ధ్యాస తప్పిందేమో, ఎప్పుడూ అడిగే ప్రశ్న ఆ రోజు అడగలేదు. “పట్టుకుంటే నువ్వు గూడ పోవచ్చు” అని మాత్రం అన్నది. నేను ఏమీ అనలేదు. ఒక్క క్షణం ఆగి ఆమె మల్లేశమన్న వైపు తిరిగింది. తంగేడమ్మ తనంతట తట్టుకుంటుందేమోనని ఆయన పాచిక వేశాడు. రెండు పడింది. తంగేడమ్మ కొట్టుకుపోయింది.

మల్లేశమన్న నోట్‌బుక్కు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పెద్ద చెయ్యి చూసి నాకు భయం వేసింది. ఆయన ఇక రాడనిపించింది. వచ్చినా నన్ను చూసే చూపు మారిపోతుందనిపించింది. నోరు దానంతటదే లేచింది.

“నేను పట్టుకున్న అని చెప్పిన గదా అక్కా.”

రూతక్క నా వైపు చూసింది. ఆ చూపు ముందు తల ఎత్తలేకపోయాను. తర్వాత ఆమె మల్లేశమన్న వైపు తిరిగింది. “అన్నది. నేనే అడగలే. అడిగేది ఉండె. తప్పు నాది మల్లేశం. వెనుకకు పోదాం.”

ఎన్నడూ వెనక్కి పోని మనిషి మా ముందు వెనక్కి పోయింది. నేను పాచిక వేస్తే పదిహేడు పడింది. ఎల్లి తాడు పట్టుకుంది, తంగేడమ్మ ఒడ్డున పడింది. బసమ్మ చప్పట్లు కొట్టింది. మల్లేశమన్న వారం రోజులు నన్ను తన ఆటోలోనే ఇంటిదాకా దింపాడు. “నా పానం నిలవెట్టినవ్ చెల్లె” అన్నాడు, అది ఆటేనని తెలిసిన పెద్ద మనిషి, ఒక ముసలిదాని తరఫున. ఆ మాటలకు నేను నవ్వాను కూడా.

అక్కడితో అయిపోయి ఉంటే ఇదంతా రాసేదాన్ని కాదు. మల్లేశమన్నకు ఎకసెక్కాలు ఎక్కువ. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏదో ఒక సందులో రూతక్కకు అంటించేవాడు. “ఇయ్యాలన్న సక్కగ అడుగు అక్కా, మల్ల మర్సిపోతవ్.” “హాల్ టికెట్లొచ్చినయేమో సూడు అక్కా, మా ముసల్ది సస్తది.” బసమ్మ నవ్వేది. రూతక్క కూడా నవ్వి, పాచిక మూతలో వేసేది. ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఒప్పుకునేదాన్నేమో అని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా తప్పు ఆమె మీదికి నెట్టడమేనని ఇప్పుడు తెలుస్తోంది.

నాకు బడిలో ఉద్యోగం వచ్చి దుకాణం మానేసే రోజున, లామినేషన్ చేసిన కార్డులు కత్తిరిస్తున్న రూతక్కతో చెప్పేశాను. ఆ రోజు నేను అడిగాను తప్ప పట్టుకోలేదని, నాకేమవుతుందో తెలిశాకే పట్టుకుందామని ఆగానని, తెలిశాక పట్టుకోబుద్ధి కాలేదని. ఆమె కత్తెర ఆపలేదు.

“నాకు చెప్తున్నవేంది? వాగుల నువ్వు ఇడిసింది నన్నా?”

అంతే. మరి తప్పు నీదని ఎందుకన్నావని అడిగితే, “అడగకపోవుడు నా తప్పే గదా. నా అంత నేను ఒప్పుకున్న. నీ అంత నీది” అన్నది. మల్లేశమన్నకు తను చెబుతాననలేదు, నన్ను చెప్పమని ఒత్తిడీ చేయలేదు. ఆదివారాలు సాగుతూనే ఉన్నాయి, నేను వెళుతూనే ఉన్నాను. ప్రతి వారం వచ్చే వారం చెబుదామనుకునేదాన్ని. మనిషి ఎప్పటికీ అక్కడే కూర్చుని ఉంటుందనే నమ్మకం ఒకటి ఉంటుంది కదా, ఆ ధీమాతో.

నిరుడు వానకాలం రూతక్క జ్వరం ముదిరి దవాఖానలో పోయింది. నాలుగు రోజుల్లో అంతా అయిపోయింది. సమాధి మీద మట్టి వేసేటప్పుడు మల్లేశమన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొన్ని నెలలకు బసమ్మ కదిలించి, ఆట మళ్లీ మొదలుపెట్టింది. కథ చెప్పే పని నా మీద పడింది. మా ఇంటి వరండాలో కూర్చుంటున్నాం. చేతకాకపోయినా చెబుతున్నాను. మొన్న ఆదివారం బసమ్మ రాకముందే మల్లేశమన్న వచ్చి కూర్చుని నోట్‌బుక్కు తెరిచాడు. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను.

“అన్నా, వాగు కాడ నేను తాడు పట్టుకోలే. ఉత్తగ అడిగిన. అక్క తప్పేం లేదు. నేను అబద్ధమాడిన.”

ఆయన తిడతాడని సిద్ధపడి ఉన్నాను. తిట్టలేదు. నోట్‌బుక్కు మూయలేదు కూడా. వాకిట్లోకి చూశాడు. మీసం కింద పెదవులు కదిలాయి.

“అక్కను ఎన్నిసార్లంటినో గదా” అన్నాడు.